వియోగం – గానం: ముగీస్ కన్నీటి నుంచి దక్కను సమా దాకా

ప్రేమించిన వ్యక్తితో బంధం తెగిపోయిన మనిషి పాట వినవచ్చునా? వింటే అది అతని గాయానికి మందవుతుందా, లేక మానుతున్న గాయాన్ని మళ్ళీ రేపుతుందా? సంగీతం ధర్మసమ్మతమా కాదా అనే పెద్ద చర్చలో ఇది ఒక మూలన పడి ఉండే అల్పవిషయంగా చాలామందికి తోచవచ్చు. కాని ఇస్లామీయ విద్యాచరిత్రను పరిశీలించిన వారికి వేరే సంగతి కనిపిస్తుంది. హదీసువేత్తలు, వైద్యులు, తత్వవేత్తలు, సూఫీలు అందరూ ఏదో ఒక సందర్భంలో ఈ ప్రశ్నను ముట్టుకున్నవారే. కొందరు దీనికి సూటిగా జవాబు కూడా చెప్పారు. ఆ జవాబులను వరుసగా పరిశీలించి, మన దక్కనులో అవి ఏ రూపం తీసుకున్నాయో చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ పరిశీలనకు అమీన్‌పూర్, పటాన్‌చెరు ప్రాంతాన్ని ముందు పెట్టుకోవడానికి కారణం ఉంది. గోల్కొండ సుల్తాను ఇబ్రాహీం కుతుబ్ షా (పాలన 1550–1580) కాలంలో పటాన్‌చెరును ఏలిన సర్దారు అమీన్ ఖాన్. అమీన్‌పూర్ ఆయన పేరు మీదే వెలిసిందని ప్రతీతి. పొన్నికంటి తెలగనార్యుడు తన ‘యయాతి చరిత్రము’ను అంకితమిచ్చింది ఈ అమీన్ ఖాన్‌కే. తెలుగులో తొలి అచ్చ తెనుగు కావ్యంగా సాహిత్య చరిత్రకారులు పేర్కొనే ఆ గ్రంథంలోని కథ యయాతి, దేవయాని, శర్మిష్ఠల మధ్య నడిచే ప్రేమ, అలుక, ఎడబాటుల కథ. అంటే ఈ నేలపై ఒక ముస్లిం ప్రభువు నాలుగు శతాబ్దాల క్రితమే తెలుగులో అల్లిన ప్రేమకథకు కృతిభర్త అయినాడు. మరొక సంగతి. ఇరవయ్యో శతాబ్దపు ఉర్దూ కవులలో అగ్రగణ్యుడైన మఖ్దూం మొహియుద్దీన్ 1908లో జన్మించిన అందోలు కూడా నేటి సంగారెడ్డి జిల్లాలోనిదే.

పటాన్‌చెరు చుట్టూ కార్ఖానాలు వెలిసిన తరువాత ఈ ప్రాంతపు జీవనం మారిపోయింది. ఊరూ వాడా విడిచి వచ్చి అద్దెగదులలో ఉండే యువకులు వేలల్లో ఉన్నారు. నికాహ్ మాట తప్పిపోయినవారు, ఖులా అయినవారు, ఇంటివారు ఒప్పుకోక విడిపోయినవారు వారిలో లేకపోలేదు. అలాంటివారికి రాత్రిపూట తోడు ఎవరంటే చేతిలోని ఫోను, అందులోని పాట. కనుక మన ప్రశ్న పాత గ్రంథాలకే పరిమితమైనది కాదు.

1. మదీనా వీధులలో ముగీస్

మొదట తేల్చుకోవలసిన విషయం పాట గురించి కాదు, దుఃఖం గురించి. బంధం తెగిన తరువాత ఏడ్చే మనిషి విశ్వాసంలో లోపం ఉన్నట్లు మాట్లాడే పెద్దలు మనలో ఉన్నారు. వారు సహీహ్ బుఖారీలోని బరీరా వృత్తాంతాన్ని గుర్తుచేసుకోవాలి.

బరీరా ఒక బానిస స్త్రీ. హజ్రత్ ఆయిషా (ర) ఆమెను కొని విముక్తురాలిని చేశారు. స్వతంత్రురాలైన స్త్రీకి, బానిసగా ఉన్న తన భర్తతో కొనసాగడమా విడిపోవడమా అన్నది ఎంచుకునే హక్కు లభించింది. బరీరా విడిపోవడాన్నే ఎంచుకున్నది. ఆమె భర్త ముగీస్ ఆమెను గాఢంగా ప్రేమించినవాడు. అతడు మదీనా వీధులలో ఆమె వెనుక ఏడుస్తూ తిరిగేవాడనీ, కన్నీళ్ళు అతని గడ్డం మీదుగా కారేవనీ ఇబ్నె అబ్బాస్ (ర) తెలిపారు. దైవప్రవక్త (స) ఆ దృశ్యాన్ని చూసి, ఇతనికి ఆమెపై ఉన్న ప్రేమ, ఆమెకు ఇతనిపై ఉన్న విముఖత వింతగా లేవా అని తమ పినతండ్రి హజ్రత్ అబ్బాస్ (ర)తో అన్నారు. అతని వద్దకు తిరిగి వెళ్ళితే బాగుంటుందని బరీరాకు సూచించారు. ఇది ఆజ్ఞయా అని ఆమె అడిగింది. కాదు, సిఫారసు మాత్రమే అని ప్రవక్త (స) బదులిచ్చారు. అయితే నాకు అతనితో పని లేదని ఆమె చెప్పివేసింది. విషయం అంతటితో ముగిసింది.

ఈ హదీసు నుంచి ఫఖీహ్‌లు అనేక మస్‌అలాలు తీశారు. మన విషయానికి రెండు సంగతులు చాలును. ముగీస్ కన్నీటిని ప్రవక్త (స) నిందించలేదు, జాలిపడ్డారు. అదే సమయంలో ఆ కన్నీటిని బరీరాపై ఒత్తిడిగా మారనివ్వలేదు. ఏడ్చేవాడికి ఏడ్చే హక్కు ఉంది, విడిపోయినవారికి విడిపోయే హక్కు ఉంది. తరువాతి కాలంలో వియోగగీతాల గురించి జరిగిన చర్చ అంతా ఈ రెండు హక్కుల నడుమనే నడిచిందని చెప్పవచ్చు.

2. ఏడుపు పాట నుంచి ప్రేమపాట దాకా

హిజ్రీ మొదటి శతాబ్దంలోనే హిజాజ్ నగరాలలో గానకళ వికసించింది. మక్కాకు చెందిన ఇబ్నె సురైజ్, గరీద్ అనే ఇద్దరు ప్రసిద్ధ గాయకులూ మొదట మృతుల కోసం శోకగీతాలు పాడేవారేనని అబుల్ ఫరజ్ ఇస్‌ఫహానీ (మరణం 967) ‘కితాబుల్ అగానీ’ వలన తెలుస్తున్నది. తరువాత వారు ప్రేమగీతాలకు మళ్ళారు. అరబ్బుల ప్రేమగానంలో శోకఛాయ తొలినుంచీ ఉన్నదనడానికి ఇది నిదర్శనం. చనిపోయినవారి కోసం ఏడ్చిన గొంతే బతికి ఉండి దూరమైనవారి కోసమూ పాడింది.

ఆ కాలపు గాయకులు పాడిన కవితలలో ఖైస్ బిన్ జరీహ్ కవితలు ముఖ్యమైనవి. లైలా మజ్నూ కథ మనందరికీ తెలుసు. ఖైస్ – లుబ్నాల కథ అంతగా తెలియదు. మజ్నూ తాను కోరినదానిని పొందలేకపోయినవాడు. ఈ ఖైస్ పొంది, తన నోటితోనే వదులుకున్నవాడు. లుబ్నాను నికాహ్ చేసుకున్నాడు. వారికి సంతానం కలగలేదు. తండ్రి ఆమెకు తలాఖ్ ఇవ్వమని పట్టుబట్టి, అంతవరకు ఇంటి కప్పు కింద ఉండనని ప్రమాణం చేసి ఎండలో నిలబడేవాడు. ఖైస్ తన పైవస్త్రం పట్టి తండ్రికి నీడ ఇచ్చేవాడు, లోపలికి వెళ్ళి భార్య దగ్గర ఏడ్చేవాడు. చివరికి తలాఖ్ ఇచ్చాడు. అది మొదలు అతని జీవితమంతా పశ్చాత్తాపమే అయింది. ఆ పశ్చాత్తాపం కవితలుగా, కవితలు పాటలుగా ఊరూరా పాకాయి. ‘అగానీ’ చెప్పే ఈ కథలోని వివరాలన్నీ చారిత్రకమేనా అన్నది వేరే ప్రశ్న. అప్పటి సమాజం ఈ దుఃఖాన్ని గుర్తించి, దానికి ఒక గొంతునిచ్చిందన్నది మాత్రం నిశ్చయం. పెద్దల ఒత్తిడికి తలవంచి, ప్రేమించిన మనిషిని వదులుకునే కొడుకులూ కూతుళ్ళూ ఏ కాలంలోనైనా ఉంటారు.

అందలూసియా పండితుడు ఇబ్నె హజమ్ (994–1064) ఈ విషయంలో మరొక సాక్షి. ఆయన ‘తౌఖుల్ హమామా’ గ్రంథంలో ఎడబాటుకు ఒక అధ్యాయం, మరపుకు ఒక అధ్యాయం కేటాయించారు. యౌవనంలో తాను ప్రేమించిన నుఅమ్ అనే యువతి మరణించినప్పుడు ఏడు నెలలు బట్టలు విప్పలేదనీ, కన్నీరు ఆగలేదనీ దాచకుండా రాసుకున్నారు. తమ ఇంట పెరిగిన మరొక అమ్మాయి తన ప్రేమను అంగీకరించలేదు. ఆమె ఒకనాడు ఊద్ వాయించి పాడిన పాట తన గుండెను ఎప్పుడూ విడిచిపెట్టలేదని కూడా రాశారు. ఆయన ఒక పెద్ద ఫఖీహ్ అన్న సంగతి మరువరాదు. మరపును గురించి ఆయన తీర్పు ఆలోచించదగినది. విసుగుతో, చాపల్యంతో మరచిపోయేవాడు నిందార్హుడు. తిరిగి కలిసే ఆశ పూర్తిగా తెగిపోయినందువల్ల మనసును కుదుటపరచుకున్నవాడిని నిందించరాదు. ప్రేమ నిజమైనదైతే చచ్చేదాకా ఏడవాలన్న నియమం ఆయన పెట్టలేదు.

3. హకీములు చూసిన విధం

తత్వవేత్త అల్ కిందీ (తొమ్మిదవ శతాబ్దం) దుఃఖాన్ని తొలగించుకునే ఉపాయాలపై ఒక రిసాలా రాశారు. సంగీతంపై రచనలూ చేశారు. ఊద్‌కు ఉండే నాలుగు తీగలను శరీరంలోని నాలుగు ధాతువులతో జత చేశారు. అన్నిటికంటె మందమైన బమ్ తీగ నల్లపిత్తానికి, అంటే సౌదాకు సంబంధించినదన్నారు. ఆ శరీరశాస్త్రం నేడు చెల్లదు. అయినా స్వరం శరీరంపై పనిచేస్తుందనీ, ఏ స్వరం ఏ మనిషికి ఎప్పుడు తగినదో విచారించాలనీ వారు గ్రహించారన్నది గమనార్హం.

ఇబ్నె సీనా (మరణం 1037) తన ‘అల్ ఖానూన్’లో ఇష్క్‌ను మెదడు వ్యాధుల మధ్య, మాలీఖూలియాకు దగ్గరగా ఉంచారు. రోగి మణికట్టు పట్టుకుని పేర్లు, వీధులు, ఊళ్ళు చెబుతూపోతే నాడి ఎక్కడ తడబడుతుందో అక్కడ అతని ప్రియురాలి జాడ దొరుకుతుందని రాశారు. షరీఅత్ అనుమతించే విధంగా ఇద్దరినీ కలపడాన్ని మించిన చికిత్స లేదన్నారు. కలపడం సాధ్యం కానప్పుడు వేరే వ్యాపకాలు, పెద్దల హితవు మొదలైనవి సూచించారు. ఆ సందర్భంలోనే సంగీతం ప్రస్తావన వస్తుంది. కొందరికి గానం ఊరట కలిగిస్తుంది, మరికొందరికి అదే గానం ఇష్క్‌ను పెంచుతుంది, రోగి ఎటువంటివాడో చూసి తెలుసుకోవాలి అని ఆయన అభిప్రాయం. దాదాపు వెయ్యేళ్ళ కిందటి ఈ మాటకు నేటికీ విలువ తగ్గలేదు. పాట మందా విషమా అన్నది పాటలో లేదు, వినేవాడిలో ఉంది.

ఉస్మానీ సుల్తాను రెండవ బాయజీద్ ఎడిర్నే నగరంలో కట్టించిన దారుష్షిఫా 1488లో పూర్తి అయింది. పదిహేడవ శతాబ్దంలో దానిని చూసిన యాత్రికుడు ఎవ్లియా చెలెబీ అక్కడ పదిమంది గాయకులు, వాద్యకారులు వారానికి మూడుసార్లు రోగులకు సంగీతం వినిపించేవారని రాశాడు. వారానికి మూడుసార్లు అన్న లెక్కను గమనించాలి. మందుకు మోతాదు ఉన్నట్లే సంగీతానికీ మోతాదు ఉంది. ఇరవైనాలుగు గంటలూ చెవిలో పోసే పద్ధతి వారిది కాదు.

4. ఇమామ్ గజాలీ గీసిన గీత

ఇబ్నె సీనా వైద్యునిగా చూసినదానిని ఇమామ్ గజాలీ (మరణం హి. 505 – క్రీ.శ. 1111) ధర్మశాస్త్ర దృష్టితో చూశారు. ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లో సమా, వజ్ద్‌ల మర్యాదలకు ఒక ప్రత్యేక గ్రంథభాగం ఉంది. గానం గుండెలో లేనిదానిని పుట్టించదు, ఉన్నదానిని కదిలిస్తుంది అన్నది ఆయన మూలసూత్రం. అందుచేత గానం మీద ఒకే తీర్పు చెప్పడం కుదరదు, గుండెలో ఏముందో అడగాలి.

దుఃఖం విషయంలో ఆయన రెండు భేదాలు చూపారు. తన తప్పులకు తాను దుఃఖించడం మెచ్చదగినది. చేజారిపోయినదాని కోసం కుమిలిపోవడం మెచ్చదగినది కాదు. ఇందుకు సూరా హదీద్‌లోని 23వ వాక్యాన్ని ఆధారంగా చూపారు. మొదటి దుఃఖాన్ని కదిలించే గానం మంచిది, రెండవదానిని కదిలించేది మంచిది కాదు.

ప్రేమ విషయానికి వచ్చినప్పుడు ఆయన మన ప్రశ్ననే నేరుగా ఎత్తుకున్నారు. దూరమైనవారిపై కోరికను గానం రగిలిస్తుంది. అది బాధే అయినా అందులో ఒక తీపి ఉంది, ఎందుకంటే తిరిగి కలుస్తామన్న ఆశ ఉంది. ఆశ తీయనిది, నిరాశ బాధాకరమైనది. కనుక ధర్మబద్ధమైన బంధం ఉండి, ఏదో కారణం చేత ఇద్దరి మధ్య అడ్డు ఏర్పడితే, గానంతో ఆ కోరికను కదిలించుకోవచ్చు. తలాఖ్ ఇచ్చిన తరువాత మాత్రం అది తగదు. కలయిక ధర్మసమ్మతం కానిచోట కోరికను రగిలించడమూ సమ్మతం కాదు అని ఆయన గీత గీశారు.

పైకి ఇది కఠినంగా కనిపిస్తుంది. నిదానంగా ఆలోచిస్తే ఇందులో మనోధర్మం ఉందని తెలుస్తుంది. గజాలీ ఇక్కడ నిషేధించినది కన్నీటిని కాదు. తెగిన బంధాన్ని తెగలేదన్నట్లు గుండెకు నమ్మబలకడాన్ని నిషేధించారు. ఎడబాటు వేరు, ముగింపు వేరు. ఎడబాటులో ఉన్నవాడికి ఆశ ఆహారం. ముగిసిపోయినవాడికి అదే ఆశ విషం. ఒకే పాట మొదటివానికి పనికివచ్చి రెండవవానిని చెడగొట్టవచ్చు.

ఇక్కడ భిన్నాభిప్రాయాన్ని కూడా చెప్పాలి. ఇబ్నె ఖయ్యిమ్ (మరణం 1350) సమాను గట్టిగా వ్యతిరేకించారు. ఇష్క్ వ్యాధికి ఆయన చెప్పిన చికిత్సలో సంగీతానికి చోటు లేదు. నికాహ్ సాధ్యమైతే నికాహ్, సాధ్యం కాకపోతే అది తనకు దక్కదని మనసును ఒప్పించడం ఆయన చూపిన మార్గం. గానం విషయంలో గజాలీ, ఇబ్నె ఖయ్యిమ్ ఎంత దూరమైనా, దక్కనిదానిపై ఆశను పోషించరాదన్న చోట ఇద్దరూ ఒకటే.

గజాలీ మరొక ద్వారం తెరిచి ఉంచారు. మాట ఒకటే అయినా దానిని విన్నవాడు తన స్థితిని బట్టి వేరే అర్థంలోకి మళ్ళించుకోగలడు. ప్రియుని కోసం పాడిన విరహాన్ని దైవం కోసం పడే తపనగా గ్రహించగలడు. అయితే దీనికి నియమాలున్నాయి. జునైద్ బగ్దాదీ (ర.అలై) చెప్పిన మూడు షరతులను గజాలీ ఉదహరించారు. అవి జమాన్, మకాన్, ఇఖ్వాన్. అంటే తగిన సమయం, తగిన స్థలం, తగిన తోటివారు. ఈ మూడింటిలో ఏది లోపించినా గానం ఫలితం మారిపోతుంది.

5. దక్కను ఖాన్‌ఖాహ్‌లో, తిరగలి దగ్గర

హిందూస్తానంలో చిష్తీ సిల్సిలా ఈ నియమాలను మరింత వివరించింది. హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా (మరణం 1325) పాడేవాడు, వినేవాడు, పాడే విషయం, వాద్యం అనే నాలుగింటిపై షరతులు పెట్టినట్లు ‘ఫవాయిదుల్ ఫువాద్’ వలన తెలుస్తుంది. గానం ప్రాణాంతకం కూడా కాగలదని చిష్తీలకు తెలుసు. ఖ్వాజా ఖుత్బుద్దీన్ బఖ్తియార్ కాకీ 1235లో సమాలోనే, ఒక ఫార్సీ ద్విపద విని, పరవశంలో కన్నుమూశారని ప్రసిద్ధి.

ఆ సంప్రదాయాన్ని దక్కనుకు తెచ్చినవారిలో ముఖ్యులు ఖ్వాజా బందానవాజ్ గేసూదరాజ్ (మరణం 1422). ఢిల్లీ నుంచి గుల్బర్గా చేరి, అక్కడ ఖాన్‌ఖాహ్ స్థాపించారు. ఫార్సీ గానానికీ హిందవీ గానానికీ ఉన్న తేడాను వారు చర్చించారు. హిందవీ మృదువైనదనీ, గుండెను కరిగించి మనిషిని వినమ్రుని చేస్తుందనీ వారి అభిప్రాయం. ప్రతి భాషకూ దుఃఖాన్ని పలికించే తనదైన పద్ధతి ఉంటుందని ఒప్పుకోవడమే ఇది.

ఆ మృదుత్వం ఖాన్‌ఖాహ్ గోడల లోపలే ఆగిపోలేదు. దక్కనీ సూఫీ సాహిత్యంలో చక్కీనామా, చర్ఖానామా అనే ప్రక్రియలున్నాయి. తిరగలి తిప్పుతూ, రాట్నం వడుకుతూ స్త్రీలు పాడుకునే పాటలివి. చక్కీ పిడి, ఇరుసు, గింజ, పిండి ఇవన్నీ దైవస్మరణకు ఉపమానాలైనాయి. భర్త దూరమైన స్త్రీ, పుట్టింటికి తిరిగివచ్చిన స్త్రీ తెల్లవారుజామున ఈ పాట పాడుతూ కళ్ళు తుడుచుకుంటే ఎవరూ కారణం అడగరు. చేతికి పని ఉంది, పక్కన మరొక స్త్రీ ఉంది, గింజలు అయిపోయినప్పుడు పాట కూడా ముగుస్తుంది. జునైద్ చెప్పిన మూడు షరతులూ వంటింటి పక్కనే నెరవేరుతున్నాయి.

గోల్కొండ ఆస్థానంలో విరహగానం రెండు భాషలలో ప్రవహించింది. దక్కనీ కవితలో విరహం అనుభవించేది తరచు స్త్రీయే, ఆమే మాట్లాడుతుంది. ఇది ఫార్సీ గజల్ పద్ధతికి భిన్నమైనది, ఈ దేశపు పాటల నుంచి తీసుకున్నది. తెలుగులోనూ అంతే. మువ్వ క్షేత్రయ్య తన పదాలలో ఎక్కువగా నాయిక నోటనే విరహం పలికించారు. గోల్కొండ పాదుషా సమక్షంలో పదిహేను వందల పదాలు చెప్పినట్లు క్షేత్రయ్య తన పదమొకదానిలోనే తెలుపుకున్నారు. ఆ పాదుషా అబ్దుల్లా కుతుబ్ షా (పాలన 1626–1672) అని పండితులు భావిస్తారు. తెలుగు విరహపదానికి ముస్లిం దర్బారు శ్రోత అయిందన్న ఈ సంగతి అమీన్ ఖాన్ కృతిభర్తృత్వానికి కొనసాగింపు వంటిది. అలుక, నింద, పశ్చాత్తాపం, తిరస్కారం, చివరకు నిబ్బరం ఇలా విరహంలో ఎన్ని దశలున్నాయో పదసాహిత్యం విడివిడిగా చూపింది. బాధను దశలుగా విడదీసి చూడగలిగినవాడికి అది ఒక్క ముద్దగా మీద పడదు.

ఆసఫ్‌జాహీల కాలంలో మాహ్ లఖాబాయి చందా (1768–1824) ప్రసిద్ధురాలు. కవయిత్రి, గాయని. తాన్‌సేన్ పరంపరకు చెందిన ఖుష్‌హాల్ ఖాన్ వద్ద సంగీతం నేర్చుకున్నారు. ఆమె వివాహం చేసుకోలేదు. 1798లో కూర్చిన ఆమె దీవాన్‌లో 125 గజళ్ళున్నాయి. ప్రతి గజల్‌లో ఐదేసి షేర్లు. ప్రేమ, నిరీక్షణ, నిష్ఠురం ఏది చెప్పినా చివరి షేర్‌లో హజ్రత్ అలీ (ర) స్మరణకు మళ్ళడం ఆమె పద్ధతి. గజల్ మొదటి నాలుగు షేర్లలో మనసు ఎక్కడెక్కడ తిరిగినా, ఐదవ షేర్ దానిని ఒక గట్టుకు చేరుస్తుంది. ఆమె సమాధి మౌలాలీ గుట్ట పాదాన, తల్లి సమాధి పక్కన ఉంది.

ఉరుసులలో కవ్వాలీ క్రమాన్ని కూడా ఈ దృష్టితో చూడాలి. సాధారణంగా హమ్ద్‌తో మొదలై, నాత్, మన్ఖబత్‌ల తరువాత గజల్‌కు వస్తుంది. విరహం అక్కడ శిఖరానికి చేరుతుంది. కాని మహ్‌ఫిల్ అక్కడ ముగియదు. ‘రంగ్’ పాడి, ఖుల్, ఫాతిహాతో ముగుస్తుంది. ఏడ్చినవాడు కళ్ళు తుడుచుకుని, తబర్రుక్ తీసుకుని, నలుగురితో కలిసి ఇంటికి వెళతాడు. 1971లో పద్మశ్రీ పొందిన హైదరాబాదు కవ్వాల్ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ వంటివారి గానాన్ని జనం విన్నది ఈ క్రమంలోనే.

6. మఖ్దూం నుంచి చెవి తీగ దాకా

అందోలులో పుట్టిన మఖ్దూం మొహియుద్దీన్ (1908–1969) విప్లవకవిగా ప్రసిద్ధుడు. తెలంగాణ సాయుధ పోరాటంలో అజ్ఞాతవాసం, జైలు చూసినవాడు. ‘సుర్ఖ్ సవేరా’ (1944) రాసిన ఆ చేతితోనే ‘గులె తర్’ (1961)లో అతి సుకుమారమైన గజళ్ళు రాశాడు. ఆయన గజల్ ఒకటి 1982లో వచ్చిన ‘బాజార్’ చిత్రంలో వినిపించింది. సంగీతం ఖయ్యాం. లతా మంగేష్కర్‌తో కలిసి పాడినవాడు హైదరాబాదులో పుట్టిన తలత్ అజీజ్.

ఆ చిత్రకథ హైదరాబాదులోని పేద ముస్లిం కుటుంబాలది. గల్ఫ్ నుంచి డబ్బుతో వచ్చినవాడికి ఒక అమ్మాయిని నికాహ్ పేరుతో అప్పగిస్తారు. ఆమె ప్రేమించిన కుర్రవాడు చూస్తూ నిలబడిపోతాడు. అమ్మాయి ప్రాణం తీసుకుంటుంది. పూల ముచ్చట చెప్పే మఖ్దూం గజల్ ఆ ఇద్దరూ ఇంకా ఆశతో ఉన్నప్పటిది. చిత్రం ముగిసిన తరువాత ఆ పాట మళ్ళీ వింటే దాని అర్థం మారిపోతుంది. ఇబ్నె సీనా, గజాలీ చెప్పింది ఇదే. స్వరం మారలేదు, మాట మారలేదు, వినే గుండె మారింది. ఆ కథలో బంధం తెగింది అమ్మాయి ఇష్టంతో కాదు, పెద్దలు కుదుర్చుకున్న బేరంతో. బరీరాకు దక్కిన ఎంపిక ఆ పిల్లకు దక్కలేదు. అటువంటి దుఃఖానికి పాట మందు కాదు, న్యాయం మందు.

హైదరాబాదు గజల్ గాయకుడు విఠల్ రావు (మరణం 2015) యువరాజు ముఅజ్జం జాహ్ దర్బారులో బాల్యంలోనే పాడినవాడిగా ప్రసిద్ధుడు. అతని తరం దర్బారు, మహ్‌ఫిల్, రేడియో మూడింటినీ చూసింది. మహ్‌ఫిల్‌లో ఒక షేర్ నచ్చితే శ్రోత వాహ్ అంటాడు, పక్కవాడు తల ఊపుతాడు. బాధ ఒకనిదే అయినా నలుగురూ పంచుకుంటారు. గ్రామఫోను రికార్డు పాటను మహ్‌ఫిల్ నుంచి వేరు చేసింది, అయినా ఇంటిల్లిపాదీ కలిసే వినేవారు. రేడియో పాటకు ఒక వేళ ఉండేది. కాసెట్టు వచ్చాక ఒకే పాటను వెనక్కి తిప్పి వినడం అలవాటైంది. ఫోను, చెవి తీగ వచ్చిన తరువాత సమయం, స్థలం, తోడు మూడూ పోయాయి. ఒకే పాట వంద సార్లు తిరుగుతుంది. వినేవాడు నిద్రపోయినా అది ఆగదు.

7. తేలిన విషయాలు

సంగీతంపై ఫత్వా చెప్పడం ముఫ్తీల పని. ఈ వ్యాసానికి ఆ అధికారం లేదు. ఉలమాలో ఉన్న భేదాలు తెలిసినవే, ఎవరి మస్లక్‌ను వారు అనుసరిస్తారు. చరిత్ర వలన మాత్రం మూడు సంగతులు తేటపడుతున్నాయి.

మొదటిది, బంధం తెగినందుకు ఏడవడం సిగ్గుపడవలసిన పని కాదు. మదీనా వీధులలో ముగీస్ ఏడ్చాడు, కుర్తుబాలో ఇబ్నె హజమ్ ఏడ్చారు. మన ఇళ్ళలో ఒక అబ్బాయి నాలుగు రోజులు అన్నం సరిగా తినకపోతే, ఖులా తీసుకుని వచ్చిన అమ్మాయి ఒంటరిగా కూర్చుంటే, ఎగతాళి చేయడమో కసురుకోవడమో సున్నత్ కాదు.

రెండవది, పాటను ఎంచుకునేటప్పుడు అది విషాదగీతమా ఆనందగీతమా అన్నది గీటురాయి కాదు. తెగినదానిపై ఆశను అది పోషిస్తున్నదా, లేక మనసును గట్టుకు చేరుస్తున్నదా అన్నది గీటురాయి. కాదన్న స్త్రీ వెంట పడుతూ ఉంటే ఎప్పటికైనా ఔనంటుందని నేర్పే పాటలు చాలా ఉన్నాయి. అవి వియోగానికి మందు కావు. అవి బరీరా హక్కును మరపిస్తాయి. వాటిని నమ్మి దారి తప్పినవారివల్ల ఆడపిల్లలు పడిన బాధలు పత్రికలు చదివేవారికి తెలియనివి కావు.

మూడవది, మన పూర్వులు దుఃఖగానాన్ని ఎప్పుడూ ఒంటరిగా, అంతులేకుండా వదలలేదు. ఖాన్‌ఖాహ్‌లో దానికి ఫాతిహా ఉంది, తిరగలి పాటకు గింజల లెక్క ఉంది, ఎడిర్నే ఆసుపత్రిలో వారానికి మూడుసార్లన్న మోతాదు ఉంది, మాహ్ లఖాబాయి గజల్‌కు ఐదవ షేర్ ఉంది. షరీఅత్ కూడా దుఃఖానికి గడువులు పెట్టింది. మృతుని కోసం బంధువులకు మూడు రోజులు, భార్యకు నాలుగు నెలల పది రోజులు. తలాఖ్ అయిన స్త్రీకీ ఇద్దత్ ఉంది. ఆ గడువు తీరిన తరువాత మరొక జీవితానికి తలుపు తెరుచుకుంటుంది.

అమీన్‌పూర్ అద్దెగదిలో అర్ధరాత్రి పాట వింటున్న యువకుని చేతిలోంచి ఫోను లాక్కున్నంత మాత్రాన అతనికి మేలు చేసినట్లు కాదు. పాట పోయినా గుండెలో ఉన్నది పోదని గజాలీ చెప్పనే చెప్పారు. అతనికి కొరవడింది ఇఖ్వాన్. ఇషా నమాజు తరువాత మస్జిదు మెట్ల మీద కూర్చుని, ఏమైంది బాబూ అని అడిగి, సలహా ఇవ్వకుండా కాసేపు వినగలిగిన ఒక పెద్దమనిషి దొరికితే, పాట చేయవలసిన పనిలో సగం జరిగినట్లే. అమ్మాయి విషయంలో ఆ పని ఆమె తల్లి, అక్క, ఫుఫ్ఫూ చేయాలి. మన మహల్లాలలో ఇటువంటి మనుషులను తయారు చేసుకోవడం కష్టసాధ్యమేమీ కాదు. వల్లాహు అఅలమ్, సర్వం ఎరిగినవాడు అల్లాహ్ ఒక్కడే.